తొమ్మిది అడుగుల బల్ల

గొడుగుల బల్ల దగ్గర నుంచి,
మంగళవారం, వాన పడుతుండగా

బాబాయ్‌కి,

నీ పిచ్చుక రాస్తోంది. ముప్పై ఎనిమిదేళ్ళ పిచ్చుక. నువ్వు తప్ప ఇంకెవరూ నన్నలా పిలవరు కాబట్టి ఉత్తరాల్లోనైనా ఆ పేరు వాడుకుంటున్నాను.

వాన పడితే మాకు పని. అయినా ఇవాళ చేతులాడటం లేదు. మార్కెట్‌కి కొత్త మేనేజరు వచ్చాడని పోయినసారి రాశాను కదా. మనిషి చెడ్డవాడేం కాదు, కూరలావిణ్ణి కూడా గారూ అంటాడు. కానీ పోయిన వారం టేపు పట్టుకుని హాలంతా తిరిగి ప్రతి బల్ల ముందు వైపూ కొలుచుకుని వెళ్ళాడు. మొన్న గోడకి కాగితం అంటించాడు. ఇకనుంచి అద్దె అడుగుకి ఇంత. గుమ్మం పక్కనున్నా, చీకటి మూల ఉన్నా, పళ్ళమ్మినా, చెప్పులు కుట్టినా అందరికీ అడుగుకి ఒకటే రేటు.

మన బల్ల తొమ్మిది అడుగులు. గొడుగు విప్పకుండా బాగుచేయలేం కదా, అందుకే నాన్న అంత పొడుగు వేయించాడు. కొత్త లెక్కలో మా అద్దె ఇప్పటికి రెండింతలు దాటుతుంది. వానలు పడే నాలుగు నెలలూ ఎలాగో ఈడ్చుకొస్తాను. మిగతా ఎనిమిది నెలలూ అమ్మా నేనూ బాగుచేసిన గొడుగుల కిందే కాపురం పెట్టాలి.

నిన్న సాయంత్రం నలభై ఒక్క బల్లల వాళ్ళనీ కూర్చోబెట్టి, దీనికి ఒప్పుకునేవాళ్ళు చెయ్యెత్తండి అన్నాడు మేనేజరు. ఒక్క చెయ్యి లేచింది. మన పక్క బల్ల తాళాల మావయ్యది. నాన్న పోయిన ఏడాది నా వేలికి గొడుగు ఊచ గుచ్చుకుంటే తన చొక్కా అంచు చింపి కట్టు కట్టిన మనిషి. ఆయన బల్ల నాలుగు అడుగులే. కొత్త రేటు వస్తే ఆయన అద్దె సగానికి పైగా పడిపోతుంది. అందుకే ఎత్తాడని అంతా అంటున్నారు. ఇవాళ పొద్దున్నుంచి ఆయనతో ఎవరూ మాట్లాడలేదు. టీలావిడ ఆయన బల్ల దాటుకుని నా దగ్గరికి వచ్చి గ్లాసు పెట్టింది. మావయ్య తలెత్తలేదు, ఆకురాయితో తాళంచెవి అరగదీసుకుంటూ కూర్చున్నాడు. ఆయనకీ ఒక గ్లాసు ఇవ్వమని నేను చెప్పాల్సింది. చెప్పలేదు.

ఇంతకీ విషయం. నువ్వు ఇరవై ఆరేళ్ళు ఈ మార్కెట్‌కి సూపర్‌వైజర్‌గా చేశావు. నీ కాలంలో అద్దె గురించి ఒక్క గొడవ కూడా జరగలేదని పాతవాళ్ళంతా చెబుతారు. ఎవరికెంత వెయ్యాలో ఎలా తేల్చేవాడివో కాస్త రాసి పంపు. దీన్ని తేల్చడానికి నెల తిరగ్గానే మార్కెట్ కమిటీ కూర్చుంటుంది. అందరి తరఫునా నన్ను మాట్లాడమన్నారు. న్యాయం అంటే ఇదీ అని నీ ఉత్తరం చూపిస్తాను.

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి? అమ్మ అడిగానని చెప్పమంది.

నీ
పిచ్చుక

*

రెండో అంతస్తు, కిటికీ పక్క గది,
ఆదివారం

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. మీ పిన్ని మోకాళ్ళు అలాగే ఉన్నాయి, నోరు మాత్రం బాగుంది. పొద్దున లేవగానే ఈ గదిలో ఏదో ఒకటి కొలుస్తూ ఉంటానని దాని కంప్లయింటు. కిటికీ ఎంత వెడల్పు, మంచానికీ గోడకీ ఎంత ఎడం. ఏం చెయ్యను, రిటైరై పద్నాలుగేళ్ళయినా కళ్ళకి ఆ అలవాటు పోలేదు.

ఎలా వేసేవాణ్ణని అడిగావు. నా దగ్గర టేపు ఉండేది కానీ దాన్ని జేబులోంచి తీసేది తక్కువ. ఏడాదికోసారి, అద్దెలు రాసే ముందు, ఓ వారం పాటు పొద్దున పది గంటలకి వెళ్ళి ఒక్కో వరసలో నిలబడేవాణ్ణి. ఊరికే నిలబడి చూసేవాణ్ణి. జనం ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ ఆగకుండా పోతున్నారు. గుమ్మం దగ్గర పళ్ళాయన ఏమీ అరవక్కర్లేదు, రంగు చూసే ఆగుతారు. ఆయనకి ఎక్కువ. కూరలావిడ సరుకు సాయంత్రానికి వాడిపోతుంది, ఆవిడకి కొంచెం తక్కువ. ఇక బాగుచేసేవాళ్ళు, అంటే గడియారాలు, చెప్పులు, గొడుగులు, తాళాలు. వీళ్ళ దగ్గరికి జనం దారినపోతూ రారు, వెతుక్కుంటూ వస్తారు. లోపలి వరసలో కూర్చున్నా వస్తారు. అందుకని వీళ్ళని లోపల పెట్టి తక్కువ వేసేవాణ్ణి. హాలు మొత్తం మీద ఇంత రావాలని పైవాళ్ళు ఒక మొత్తం చెప్పేవాళ్ళు. దాన్ని నలభై ఒక్క ముక్కలు చెయ్యడమే నా పని.

ఇది రాస్తుంటే హాలు కళ్ళముందు కదులుతోంది. పొద్దున్నే రేకు తలుపులు ఒకదాని తర్వాత ఒకటి పైకి లేస్తుంటే ఉరిమినట్టు ఉండేది. తడిసిన గోనెసంచుల వాసన. మీ నాన్న రాగానే రాత్రంతా మూసి ఉన్న గొడుగులన్నిటినీ ఒక్కోటే విప్పి పెట్టేవాడు. వాటికీ ఊపిరాడాలి కదరా తమ్ముడూ అనేవాడు. ఆ బల్లని ఒక పెద్దదీ ఒక చిన్నదీ రెండు పాత తలుపులు కలిపి చేయించాడు, అతుకు కనబడకుండా నల్లరంగు వేశాడు. నువ్వు దానికింద ఓ పాత గొడుగు విప్పుకుని అందులో ఇల్లు పెట్టుకునేదానివి. లోపలికి రావాలంటే నేను కూడా తలుపు తట్టాలి. తట్టకుండా వస్తే అద్దె కట్టమనేదానివి.

అద్దె రేట్ల సంగతి నీకు తెలియడం కోసం రాశాను గానీ, ఈ ఉత్తరం ఎవరికీ చూపించకు. పాత మనిషి మాటలు ఇప్పుడెందుకు. ఇంకో మాట. ఆ తాళాలాయన్ని ఎవరూ ఏమీ అనకుండా చూడు. నువ్వు అసలే అనకు.

మీ అమ్మకి నా నమస్కారాలు చెప్పు.

బాబాయ్

*

గొడుగుల బల్ల,
గురువారం మధ్యాహ్నం

బాబాయ్,

నువ్వు తిట్టినా సరే, చెప్పేస్తున్నాను. ఉత్తరం చూపించాను. చూపించడమేమిటి, బల్ల ఎక్కి చదివాను. మధ్యాహ్నం బేరాల్లేని వేళ వరసంతా వచ్చి చుట్టూ చేరారు. పళ్ళాయన తన మీద రాసింది వినగానే, అవును, నాకెప్పుడూ ఎక్కువే వేశాడు, కానీ ఎందుకో ఇవాళ తెలిసింది అని నవ్వాడు. గడియారాలాయన కళ్ళు తుడుచుకున్నాడు. కూరలావిడైతే దీన్ని అద్దం కట్టించి గుమ్మం మీద వేలాడదీద్దామంది. అలా మనిషిని చూసి వేసే రోజులు మళ్ళీ వస్తాయా అని అందరిదీ ఒకటే మాట.

రెండు సంగతులు మాత్రం నాకు నచ్చలేదు. ఒకటి, అమ్మ. బల్ల అవతలి చివర కూర్చుని గొడుగు గుడ్డ కుడుతోంది. నేను చదువుతున్నంతసేపూ తలెత్తలేదు. నాన్న గురించి రాసిన చోట కూడా. రెండోది, తాళాల మావయ్య. బాగుచేసేవాళ్ళకి తక్కువ వేశానన్న మాట దగ్గర లేచి, ఆకురాయి గుడ్డలో చుట్టి, బల్ల మూసేసి వెళ్ళిపోయాడు. పట్టపగలు బల్ల మూయడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు నేనే వెళ్ళి ఆయన పీట పక్కన కూర్చున్నాను. "ఏం మావయ్యా, బాబాయ్ మంచి రాస్తే నీకెందుకు కోపం?" అన్నాను.

"కోపం ఎందుకమ్మాయ్. నా అద్దె ఎంతో నీకు తెలుసా?" అన్నాడు.

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఎవరి అద్దె వాళ్ళకి తప్ప ఇంకొకళ్ళకి తెలియదు కదా ఇక్కడ. ఆయన చెప్పాడు. బాబాయ్, నాలుగు అడుగుల బల్లకి ఆయన మా తొమ్మిది అడుగుల కంటే ఎక్కువ కడుతున్నాడు. అదే వరస. అదే గోడ. ఆయన దగ్గరికీ జనం వెతుక్కుంటూనే వస్తారు.

ఎందుకలా అంటే, "మీ బాబాయినే అడుగు" అన్నాడు. మళ్ళీ ఆకురాయి అందుకున్నాడు.

అడుగుతున్నాను. ఏదో పొరపాటై ఉంటుంది, నీ తర్వాత వచ్చినవాళ్ళు చేసి ఉంటారు. అదేమిటో రాస్తే కమిటీ ముందు అదీ సరిచేయిస్తాను. త్వరగా రాయి.

పిచ్చుక

*

కిటికీ పక్క గది,
బుధవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం వచ్చి ఐదు రోజులైంది. నాలుగు కాగితాలు రాసి చింపేశాను. మీ పిన్ని ఐదోది నా ముందు పెట్టి, ఇది కూడా చింపితే అన్నం పెట్టనంది. అందుకని రాస్తున్నాను.

పొరపాటు కాదు. నా తర్వాత వచ్చినవాళ్ళూ కాదు. నేనే.

మీ నాన్న పోయేనాటికి నీకు పదేళ్ళు. మీ అమ్మకి గొడుగు పని సగమే వచ్చు. పదకొండో రోజుకే వచ్చి బల్ల దగ్గర కూర్చుంది. ఏడవలేదు. గొడుగులు ఇచ్చిపోయినవాళ్ళు వచ్చి తీసుకెళ్ళిపోతున్నారు, బాగుచేయించకుండానే. అద్దెలు రాసే నెల అది. ఆ తొమ్మిది అడుగుల బల్లకి న్యాయంగా వెయ్యాల్సింది వేస్తే వదిన మూడు నెలలు కూడా నిలవదని నాకు తెలుసు. మూడో వంతు తగ్గించి రాశాను.

అంతవరకే అయితే ఇవాళ ఈ ఉత్తరం అక్కర్లేదు. పైవాళ్ళు చెప్పిన మొత్తం మాత్రం తగ్గదు. ఒకచోట తీస్తే ఇంకోచోట పెట్టాలి. నా జీతంలోంచి పెట్టుకుని ఉండొచ్చు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను, వచ్చింది. నలభై బల్లల మీదా తలా కాస్త వెయ్యొచ్చు, కానీ అప్పుడు నలభై మందికీ కారణం చెప్పాలి. సొంత వదినకి తగ్గించాడంటారు. ఒక్కరి మీద వేస్తే ఒక్కరికే చెప్పాలి. ఆ ఒక్కరూ అడగని మనిషైతే అసలు చెప్పక్కర్లేదు. తాళాలాయన అడగడు. అందుకే ఆయన మీద వేశాను.

అడగడనుకున్నాను గానీ ఒకసారి అడిగాడు. కాగితం పట్టుకుని నా గదికి వచ్చి, చెప్పులు బయట విడిచి, "సార్, నా బల్ల ఏమైనా పొడుగు పెరిగిందా?" అన్నాడు. వెటకారంగా కాదు. నిజంగా తెలుసుకుందామనే. లెక్కలు మారాయి అన్నాను, తలెత్తకుండా. సరే సార్ అని వెళ్ళిపోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళైంది. ఆ రోజు ఆయన వేసుకున్న చొక్కా రంగు కూడా గుర్తుంది నాకు.

మీ కష్టం గట్టెక్కగానే సరిచేద్దామనుకున్నాను. ఒక ఏడు గడిచాక సరిచేస్తే, ముందు ఏడాది ఎందుకలా వేశావని అడుగుతారు. రెండేళ్ళకి ఇంకా కష్టం. అలా పద్నాలుగేళ్ళు వదిలేసి రిటైరయ్యాను. తర్వాతివాళ్ళు ప్రతి ఏడూ అందరికీ ఒకే పాళ్ళలో పెంచుకుంటూ వచ్చారు. నేను పెట్టిన వంకర అలాగే ఉండి, దానితో పాటే పెరిగింది.

నా ఉత్తరం చదివి వాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారని రాశావు. అది చదివి నేను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నా కాలంలో గొడవలు లేకపోవడానికి కారణం న్యాయం కాదమ్మా. ఎవరికెంతో ఎవరికీ తెలియకపోవడం.

బాబాయ్

*

మార్కెట్ హాలు,
తొమ్మిదో తేదీ

మార్కెట్ మాజీ సూపర్‌వైజర్ గారికి,

మీ ఉత్తరం అందింది. జవాబు రాయడానికి పదకొండు రోజులు పట్టింది. ఎలా మొదలుపెట్టాలో తెలియక ఇలా మొదలుపెట్టాను.

మీరు మాకు మేలు చేశారు. ఆ మేలుతోనే నేను చదువుకున్నాను, ఆ మేలు పెట్టిన అన్నమే తిన్నాను. ఇప్పుడు దాన్ని వెనక్కి ఎలా కక్కాలో మీరే చెప్పాలి. మా పక్క బల్ల మనిషి తన చొక్కా చింపి నాకు కట్టు కట్టిన నాటికే మా అద్దెలో కొంత ఆయన కడుతున్నాడు. ఆయనకి అప్పటికి తెలుసో లేదో నాకు తెలియదు.

మీ ఉత్తరం అమ్మకి చదివి వినిపించాను. బల్ల దగ్గర కాదు, ఇంట్లో, వంటింటి గుమ్మంలో కూర్చోబెట్టి. అమ్మ అంతా విని, "నాకు తెలుసు" అంది.

ఎప్పట్నుంచి అన్నాను. మొదటి కాగితం వచ్చిన రోజునుంచే అంది. "మీ నాన్న ఉన్నప్పుడు ఎంత కట్టేవాళ్ళమో నాకు తెలియదా? తగ్గించాడని చూడగానే తెలిసింది. ఎవరి మీద వేశాడో రెండేళ్ళ తర్వాత తెలిసింది. ఆయన భార్య మాటల మధ్యలో వాళ్ళ అద్దె ఎంతో చెప్పింది."

"మరి బాబాయిని ఎందుకు అడగలేదమ్మా?"

"అడిగితే మళ్ళీ పెంచుతాడు కదే," అంది అమ్మ. "నిన్ను స్కూలు మాన్పించాలి. అడగలేదు. ఆ తర్వాత ఆవిడ ఎదురుపడితే వేరే వరసలోంచి తిరిగి వెళ్ళేదాన్ని. మంచి మనిషి. నాతో మాట్లాడాలని చూసేది. నేనే తప్పుకునేదాన్ని. ఆవిడ పోయినప్పుడు కూడా చివరగా వెళ్ళి, ముందుగా వచ్చేశాను."

అమ్మ నన్ను క్షమించమని అడగలేదు, మిమ్మల్ని తప్పుపట్టలేదు. లేచి పొయ్యి వెలిగించింది.

నిన్న తాళాల మావయ్య దగ్గరికి వెళ్ళాను. నాకిప్పుడు తెలుసు మావయ్యా అన్నాను. తలూపాడు. ఇన్నాళ్ళూ నామీద కోపం రాలేదా అంటే, "నీ మీద దేనికి? నువ్వు బల్లకింద గొడుగులో కూర్చునే పిల్లవి. మీ అమ్మ మీద కొన్నాళ్ళు వచ్చింది. మీ బాబాయి మీద ఇంకా ఉంది" అన్నాడు. మరి మొన్న చెయ్యెందుకు ఎత్తావంటే, "టేపు నన్ను చూసి పొడుగు పెరగదు కదమ్మాయ్" అన్నాడు.

కమిటీ వచ్చే సోమవారం. నేను అందరి తరఫునా మాట్లాడతానని ఒప్పుకున్నాను. ఏ ముఖం పెట్టుకుని మాట్లాడను? పాత పద్ధతే న్యాయమని చెబితే అబద్ధం. టేపే న్యాయమంటే గొడుగులవాళ్ళూ, చాపలవాళ్ళూ, వెడల్పు కావాల్సిన ప్రతివాళ్ళూ ఇంటిదారి పట్టాలి. మీరు చేసిందాన్ని మీరే చెప్పాలి. నేను చెబితే మీ మీద చాడీ అవుతుంది, చెప్పకపోతే ఆయన మీద రెండోసారి మోపినట్టు అవుతుంది.

ఇట్లు,
గొడుగుల బల్ల యజమానురాలు

*

కిటికీ పక్క గది,
పన్నెండో తేదీ

పిచ్చుకా,

పేరు మార్చుకున్నా నాకు నువ్వు పిచ్చుకవే. మీరు అన్నావు, అనిపించుకోవాల్సిందే.

దీంతో పాటు ఇంకో కాగితం పెడుతున్నాను. మొదటిదాన్ని చదివినట్టే దీన్నీ బల్ల ఎక్కి చదువు. చిన్నదే. అందులో నా ఉద్యోగం, నేను తగ్గించింది, ఎవరికి తగ్గించానో, ఎవరి మీద వేశానో, ఎందుకు ఆయన్నే ఎంచుకున్నానో ఉన్నాయి. అన్నయ్య పోయిన సంగతి రాయలేదు. రాస్తే జనం మళ్ళీ కన్నీళ్ళు పెట్టుకుంటారు. అది నాకు వద్దు.

స్వయంగా రమ్మంటావేమోనని భయపడ్డాను. అనలేదు. మోకాళ్ళు మీ పిన్నివి పాడయ్యాయి గానీ నావి బాగానే ఉన్నాయి. రాలేకపోవడానికి వేరే కారణం. నలభై మంది ముందు నిలబడగలను. ఆయన ఒక్కడి ముందు నిలబడలేను.

వదినకి చెప్పు. ఆవిడ తప్పుకుని తిరిగిన దారుల బరువు కూడా నాదేనని.

బాబాయ్

*

గొడుగుల బల్ల,
మంగళవారం, ఎండ

బాబాయ్,

చదివాను. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, నువ్వూ ఉన్నట్టే అనుకో.

నీ కాగితం చదవడం అయిపోయింది. పళ్ళాయన దగ్గాడు. అప్పుడు కూరలావిడ లేచి, "మరి నా మీద కూడా ఎవరిదైనా తెచ్చి వేశాడా?" అంది. అంతే. నాకెందుకు ఇంత, వాడికెందుకు అంత అని ఒక్కసారిగా అందరూ. నిన్న మొన్నటిదాకా నిన్ను తల్చుకుని కళ్ళు తుడుచుకున్న గడియారాలాయన, ఆ మనిషి నవ్వు నాకెప్పుడూ నచ్చలేదు అన్నాడు. నీకిది చెప్పకూడదేమో. కానీ దాచడాలు చాలనిపించి చెబుతున్నాను.

మేనేజరు లేచి టేపు పైకెత్తి చూపించాడు. "అందుకే ఇది తెచ్చాను. దీనికి వదినలూ మరదళ్ళూ ఉండరు" అన్నాడు. కొంతమంది చప్పట్లు కొట్టారు. కమిటీవాళ్ళు సంతకానికి కలం తీశారు. నేను లేవబోయి మళ్ళీ కూర్చున్నాను. నీ కాగితం చదివిన నోటితోనే ఏం అడగను?

అప్పుడు లేచాడు తాళాల మావయ్య.

"దీనికి కళ్ళు కూడా ఉండవు సార్," అన్నాడు మేనేజరుతో. "నా పనికి నాలుగు అడుగులు చాలు. గొడుగుని నాలుగు అడుగుల్లో విప్పలేరు. చాప పరవలేరు. గుమ్మం దగ్గర అడుగూ మా మూల అడుగూ ఒకటెలా అవుతాయి? మొన్న నేను చెయ్యెత్తింది నా అద్దె తగ్గుతుందని ఒకందుకు. ఇంకొకందుకు, కనీసం మీరు కాగితం గోడకి అంటించారు. నాకు తగ్గించకపోయినా ఫర్వాలేదు. ఎంతో, ఎందుకంతో నలుగురి ముందూ చెప్పండి. అడగడానికి నేను చెప్పులు విడిచి ఎవరి గదికీ వెళ్ళక్కర్లేకుండా ఉంటే చాలు."

బాబాయ్, ఆయన అంతసేపు మాట్లాడగా ఎప్పుడూ వినలేదు. ఎవరూ విని ఉండరు.

ఇక నేను లేచాను. మా బల్లకి ఇన్నేళ్ళూ తక్కువ పడింది, అందరికంటే ముందు దాన్నే సరిచెయ్యండి, ఆ తర్వాత మిగతావి చూద్దాం అన్నాను. కమిటీలో పెద్దావిడ ఒకరు కలం మూసి, అయితే నడుద్దాం పదండి అంది. నిజంగానే నడిచాం. మూడు రోజులు పట్టింది. నలభై ఒక్కరం ఒక్కో బల్ల ముందూ ఆగడం, ఆ బల్ల వాళ్ళు తమకెంత తగునో చెప్పడం, మిగతావాళ్ళు ఒప్పుకోవడమో పోట్లాడటమో. పళ్ళాయన బల్ల దగ్గరే ఒక పూట పోయింది. గుమ్మం దగ్గర దుమ్ము పడుతుంది కాబట్టి తగ్గించాలన్నాడు, దుమ్ముతో పాటు జనం కూడా పడుతున్నారుగా అంది కూరలావిడ. మేనేజరు టేపు పట్టుకుని కొలుస్తూనే ఉన్నాడు, పాపం, కానీ రేటు పలకడం మానేశాడు. చివరికి గుమ్మంలో ఒక పెద్ద బోర్డు పెట్టారు. ప్రతి బల్లకీ ఎంతో, పక్కనే ఎందుకంతో. మావయ్యకి మూడో వంతు పైగా తగ్గింది. మాకు ఒకటిన్నర రెట్లు అయింది. మేనేజరు వెయ్యబోయిన దానికంటే తక్కువే గానీ, మేం కట్టగలిగే దానికంటే ఎక్కువ.

బల్ల చిన్నదైతే ఆ మేరకు తగ్గిస్తామన్నారు కమిటీవాళ్ళు. అందుకని నిన్న నాన్న బల్ల కోయించాం. వడ్రంగి వచ్చి, రెండు తలుపుల అతుకు చూసి, అక్కడ కోస్తే ఆరడుగులు మిగులుతుందన్నాడు. అమ్మ ఒక చివర పట్టుకుంది. రంపం ఆడుతున్నంతసేపూ వదల్లేదు. నల్లరంగు కింద నుంచి పాత తలుపు నీలం బయటపడింది. ఇప్పుడు రెండేసి గొడుగులే విప్పి పెడుతున్నాను, మిగతావి పైన తీగకి వేలాడుతున్నాయి. తల తగులుతోందని వచ్చినవాళ్ళు తిడుతున్నారు. అలవాటవుతుంది.

సాయంత్రం అమ్మ టీ తీసుకుని మావయ్య బల్ల దగ్గరికి వెళ్ళింది. ఏం మాట్లాడుకున్నారో వినలేదు. వినకూడదని పని కల్పించుకుని నీళ్ళ పంపు దాకా వెళ్ళొచ్చాను. వచ్చేసరికి ఆయన భార్య గురించి ఏదో చెబుతున్నాడు, అమ్మ వింటోంది.

మావయ్య నీ అడ్రసు అడిగాడు. ఇచ్చాను. గురువారం బల్ల మూసి బస్సెక్కుతాడట. ఎందుకని అడిగితే చెప్పలేదు. తప్పుకోకు బాబాయ్. పిన్నికి కూడా విడిగా ఒక ముక్క రాస్తున్నాను, నిన్ను ఆ రోజు ఎక్కడికీ పోనివ్వద్దని.

నీ
పిచ్చుక

*

కిటికీ పక్క గది,
శుక్రవారం పొద్దున

పిచ్చుకా,

వచ్చాడు. పదకొండున్నరకి. నీ ఉత్తరం అందినప్పటి నుంచీ ఏం మాట్లాడాలో అనుకుంటూనే ఉన్నాను. తలుపు కొట్టగానే ఒక్క ముక్కా గుర్తు లేదు. పైగా తలుపు రాలేదు. మా ముందు తలుపు తాళం బిగుసుకుపోయి చాలా కాలమైంది, భుజంతో నెట్టి తీస్తాం. నేను లోపల్నుంచి లాగుతున్నాను, ఆయన బయటనుంచి, "ఆగండి సార్, అలా లాగితే విరుగుతుంది" అంటున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళ తర్వాత మేం మాట్లాడుకున్న మొదటి మాట అది.

లోపలికి వచ్చి కూర్చున్నాడు. ముసలివాడైపోయాడు. నేనూ అంతే కదా. మీ పిన్ని మంచినీళ్ళిచ్చి వంటింట్లోకి వెళ్ళి, వినబడేంత దూరంలో నిలబడింది. నేను లేచి నిలబడి, తప్పు చేశాను అన్నాను. ఇంతకంటే ఎక్కువ సిద్ధం చేసుకున్నాను గానీ అంతే వచ్చింది.

"తెలుసు సార్. కాగితంలో విన్నాను. అప్పుడు వేరేవాళ్ళ నోటితో విన్నాను. ఇప్పుడు మీ నోటితో" అన్నాడు. కాస్త ఆగి, కూర్చోండి అన్నాడు. మా ఇంట్లో నన్నే.

నా పెన్షన్‌లోంచి నెలనెలా కొంత పంపుతానన్నాను. వద్దన్నాడు. గట్టిగా అడిగాను. "ఆ డబ్బు అప్పటిది సార్," అన్నాడు. "అప్పుడు మా ఆవిడ కుట్టు మిషను కావాలని అడిగేది. వచ్చే ఏడు, వచ్చే ఏడు అంటూ వచ్చాను. ఇప్పుడు మీరిస్తే మిషను కొనగలను. ఎవరు కుడతారు?"

లేచి కిటికీ రెక్క తెరిచాను, ఆయన కూడా వచ్చి పక్కన నిలబడి వీధి చూశాడు. తర్వాత ఎప్పుడో హాలు మాటలు వచ్చాయి. ఓ ఏడాది పైకప్పు రేకు లేచిపోయి వానంతా లోపలికి వస్తే, మీ నాన్న గొడుగులన్నీ విప్పి కూరలావిడ తల్లి బుట్టల మీద వరసగా పట్టించాడట. నేను మర్చిపోయాను. ఆయన గుర్తుచేశాడు. ఆ రోజు నేను కూడా ఒక గొడుగు పట్టుకున్నానట. నిజమేనా అంటే, "పట్టుకున్నారు సార్. నా పక్కనే" అన్నాడు.

భోజనం చేశాక లేచి వెళ్ళి ముందు తలుపు దగ్గర కూర్చున్నాడు. సంచీలోంచి పనిముట్లు తీసి తాళం ఊడదీశాడు. గంట పట్టింది. శుభ్రం చేసి, ఒక మీట మార్చి, నూనె వేసి మళ్ళీ బిగించాడు. చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంది. మీ పిన్ని నాలుగుసార్లు తెరిచి మూసి చూసుకుంది.

ఎంతైందని అడిగాను. ఏమీ వద్దంటాడేమోనని లోపల భయం. అలా అంటే ఏం చెయ్యాలో నాకు తెలిసేది కాదు. ఆయన వేళ్ళ మీద లెక్కేసి చెప్పాడు. మీటకి ఇంత, గంట పనికి ఇంత, మార్కెట్ వదిలి వచ్చినందుకు రాకపోకల బస్సు ఛార్జీ ఇంత. పైసా తగ్గించలేదు. నేను లోపలికి వెళ్ళి తెచ్చి చేతిలో పెట్టాను. లెక్కపెట్టుకుని, ఎక్కువైన చిల్లర తిరిగి నా చేతిలో పెట్టాడు.

మెట్లు దిగబోతూ ఆగి, వెనక తలుపు గడియ కూడా వదులుగా ఉంది, పై నెల వచ్చి చూడనా అన్నాడు. రమ్మన్నాను. ఎంతవుతుందో, ఎందుకంతవుతుందో మెట్ల మీద నిలబడే చెప్పాడు. సరేనన్నాను.

బాబాయ్